పగటి వల



లూకా సువార్త 5వ అధ్యాయములో సీమోను వల వేసిన సంగతి మన ఆదివార బడి పిల్లలు కూడా చెప్పగలరు. అయితే అది జరిగిన చోటు ఎటువంటిదో కొంచెం ఆలోచించుదము. మత్తయి, మార్కు సముద్రమని వ్రాసినదానిని లూకా సరస్సు అని వ్రాశాడు. అది మంచినీటి సరస్సే. పొడవు సుమారు 21 కిలోమీటర్లు, వెడల్పు 13, మిక్కిలి లోతైన చోట 43 మీటర్లు. ఆ కాలమున వలలను అవిసెనారతో అల్లేవారు. తేటనీటిలో పగటివేళ ఆ నూలు చేపకు కనబడుతుంది. అందుచేత జాలరులు రాత్రివేళ వేటకు పోయి, తెల్లవారిన తరువాత వలలు కడిగి ఆరవేసుకొనేవారు. సీమోనువారు ఆ ఉదయమున చేస్తున్న పని అదే. అటువంటి వేళ, దోనెను లోతుకు నడిపించి వల వేయుమని మాట వచ్చింది. పట్టపగలు! చెప్పినవాడు వడ్లవాని యింట పెరిగినవాడు.

ఆ మాట ఒక జాలరికి ఎంత బరువో క్రిందటి వేసవి సెలవుల్లో కొంత చూశాను. మా కుటుంబమంతా నీలగిరి కొండల్లో ఒక జలాశయము దగ్గర నాలుగు రోజులు గడిపాము. పూరీలో స్థిరపడిన మా బావగారు కూడా వచ్చారు. ముప్పై ఏళ్ళు సముద్రము మీద బ్రతికిన మనిషి. అనుమతి చీటీ తీసుకొని, ఎండ ఎక్కాక గట్టు మీద నిలబడి గాలం వేశారు. నీళ్ళు అద్దములా ఉన్నాయి, అడుగున రాళ్ళు లెక్కపెట్టవచ్చు. మధ్యాహ్నము దాకా ఒక్క చేప ఎర ముట్టలేదు. "మామయ్యా, ఇక్కడి చేపలకు తెలుగు రాదేమో" అని పిల్లలు ఒకటే నవ్వు.

అక్కడ పడవ నడిపే కుర్రవాడు చూసి చూసి దగ్గరకు వచ్చాడు. అతడు తమిళములో చెప్పినది నేను బావగారికి తెలుగులో చెప్పాను. "అయ్యా, మీరు చేపను చూడకముందే చేప మిమ్మల్ని చూసింది. మీ నీడ నీళ్ళ మీద పడుతోంది. మీ దారం లావు. ఎండకు పైనీళ్ళు వేడెక్కితే చేప చల్లదనం కోసం కిందికి దిగిపోతుంది. సాయంత్రం సన్న దారంతో లోతుకు వదలండి."

బావగారి ముఖము ఎర్రబడింది. మనుమడి వయస్సువాడు ఆయనకు వేట నేర్పుతున్నాడు మరి! కొంతసేపు నీళ్ళకేసి చూసి, "సరే నాయనా, నీ నీళ్ళు నీకే తెలుసు" అన్నారు. సాయంత్రము రెండు బంగారుతీగలు పడ్డాయి. పెద్దవేమీ కావు.

అంతకంటె పెద్ద మేలు ఆ కుర్రవాడు మరునాడు చేశాడు. నీటిలో దగ్గరగా కనబడే ఒక బండ మీదికి దిగబోతున్న మా చిన్నవాణ్ణి చెయ్యి పట్టి ఆపాడు. చూపుకు నడుము లోతే. గడ దించితే గడంతా మునిగిపోయింది. నీటిలో నుండి వచ్చే వెలుగు వంగుతుంది గనుక, 12 అడుగుల లోతు నేరుగా పైనుండి చూసినవానికి 9 అడుగులుగా తోస్తుంది. ఏటవాలుగా చూస్తే ఇంకా తక్కువ. బురదనీటికి అందరము భయపడుదుము, తేటనీటికి ఎవరూ భయపడరు. పిల్లలతో ఇటువంటి చోట్లకు వెళ్ళేవారు దయచేసి ఇది మరువవద్దు.

మన యిండ్లలోనూ ఇటువంటి తేటనీరు ఉన్నది. పిల్లలు మన కళ్ళెదుటే ఉంటారు, మనతోనే ప్రార్థనకు కూర్చుంటారు, అడుగు కనబడుతున్నదనుకొందుము. కాని వారు బడిలో కన్నడమో మరాఠీయో ఒడియాయో మాట్లాడుచూ, మనకు తెలియని స్నేహాలలో, మనకు తెలియని భయాలలో తిరుగుతున్నారు. ఎప్పుడైనా గడ దించి చూశామా?

పెద్దలకు కూడా తెలియని నీళ్ళు వస్తాయి. కోలారు బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. భూమిలో 3 కిలోమీటర్ల లోతుకు దిగి పనిచేసినవారు, ఆ నేర్పు అక్కరలేని బెంగుళూరికి రైలెక్కి పని వెదకుకొనవలసి వచ్చింది. వారిలో మనవారూ ఉన్నారు. ముప్పై ఏళ్ళ అనుభవము ప్రక్కన పెట్టి చిన్నవాని దగ్గర పని నేర్చుకొనుట ఎంత కష్టమో వారిని అడగండి.

అయినను సీమోను సంగతి వేరు. కుర్రవాడు బావగారికి కారణములు చెప్పాడు, అవి బుద్ధికి అందినవి. ప్రభువు ఏ కారణమూ చెప్పలేదు. పైగా అది సీమోనుకు తెలియని సరస్సు కాదు, పుట్టి పెరిగిన చోటు. నీటిని గూర్చిన అతని లెక్కలో తప్పేమీ లేదు. రాత్రంతా కష్టపడినను ఏమియు దొరకలేదని దాచకుండా చెప్పాడు. కడిగిన వలను మళ్ళీ తడుపుకోవాలి, ఒడ్డున జనులు చూస్తున్నారు. అయినను వేశాడు. వల వేయక ముందు అతడు యేసును పిలిచిన పిలుపు ఏలినవాడా అని. వలలు పిగిలి, రెండు దోనెలు మునుగునట్లు నిండిన తరువాత, ఆ చేపల మధ్యనే ఆయన మోకాళ్ళ యెదుట సాగిలపడి పిలిచిన పిలుపు ప్రభువా అని.