లింగధ్యానము – దినకార్య నిర్ణయము

సూర్యోదయమునకు పూర్వమే మేల్కొని, స్నానము చేసి, విభూతి రుద్రాక్షలు ధరించి, ఇష్టలింగమును ఎడమ అరచేతియందుంచుకొని, దృష్టి నిలిపి పంచాక్షరిని జపించుట వీరశైవునకు నిత్యవిధి. ఈ విధిని తప్పక పాటించువారికిని ఒక చిక్కు కలదు. చూపు లింగముపై నిలిచినను తలపు నిలువదు. నాటి పనులన్నియు ఒకదాని వెంట ఒకటి వచ్చి మనస్సు వాకిట నిలుచును. వానిని తరిమివేయవలెనా? లేక ఏది ముందు, ఏది వెనుక అని ఆ వేళనే నిశ్చయించుకొనవలెనా?

పెన్న కాలువల నీటితో వరి పండించు ఇందుకూరుపేట ప్రాంతమున, నాట్ల నాళ్లలో ఒక గృహస్థుడు కలడనుకొనుడు. ఆతని మడికి నీటివంతు ఆ ఉదయమే వచ్చును. క్రిందటి దినము నాట్లు వేసిన కూలివారికి డబ్బు చెల్లింపవలసియున్నది. వృద్ధురాలైన తల్లిని నెల్లూరులో కంటివైద్యునకు చూపుదునని మాట యిచ్చి పదిదినములైనది. మైపాడు తీరము దాపున ఒక పొలము చౌకగా వచ్చుచున్నదని, నేడే రమ్మని మిత్రుడు కబురంపినాడు. ఈ నాలుగు పనులును ఆతనితోపాటు పూజకు కూర్చున్నవి.

పూజాస్థానము పద్దులు వ్రాసుకొను చోటు కాదని కొందరందురు. కాయకమున మునిగినప్పుడు లింగపూజను సైతము మరువవలెనని ఆయ్దక్కి మారయ్య భావము. ఆ న్యాయముననే, పూజలో మునిగినప్పుడు కాయకమును మరువవలెను గదా యని వారి వాదము. పండ్రెండవ శతాబ్దమున కళ్యాణమందు బిజ్జలుని కొలువులో భండార బాధ్యత వహించిన బసవేశ్వరుడు పనిని విడిచిన సన్న్యాసి కాడు. కాయకమును పూజతో సమానము చేసినవాడు. కావున పనిని తలచుట దోషము కాదని మరికొందరందురు.

రెండింటను సత్యము కలదు. అయితే వానికొక క్రమము కావలెను. జపకాలమున పనుల తలపు వచ్చిన, దానితో పోరాడక, దాని వెంట పోక, చూపును మరల లింగమునకు త్రిప్పవలెను. జపము ముగిసిన పిమ్మట, లింగమును వస్త్రమున చుట్టి ధరించుటకు ముందు, కొన్ని నిమిషములు కార్యవిచారమునకు కేటాయింపవలెను. కలగిన నీటిలో అడుగు కనబడదు. తేరిన నీటిలో కనబడును. కలగిన మనస్సు బిగ్గరగా పిలుచు పనినే ముఖ్యమనుకొనును. మిత్రుని కబురు బిగ్గరగా పిలుచును. తల్లికిచ్చిన మాట నోరు మెదపదు.

అట్లు తేరిన మనస్సు దేనిని కొలతగా గైకొనవలెను? ఇచ్చట మారయ్య ధర్మపత్ని లక్కమ్మ చరిత్ర వెలుగు చూపును. రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడాతడు నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ తేగా, లక్కమ్మ సంతసింపలేదు. ఆ దినమునకు చాలినంత ఉంచి, మిగిలినది తెచ్చినచోటనే పోసిరమ్మన్నది. మరియొకప్పుడు భర్త శరణుల గోష్ఠిలో మైమరచియుండగా, కాయకము నిలిచినదని హెచ్చరించినదియు ఆమెయే. చేయవలసినదానిని మరువకుము, అక్కరలేనిదానిని తేకుము అను రెండు పాఠములును ఆ యింటనే కలవు. దినకార్య నిర్ణయమనగా పనుల పట్టికను పెంచుట మాత్రమే కాదు. అధికమైనదానిని తిరిగి పోసివచ్చుట కూడ.

ఈ కొలతతో చూచిన, గృహస్థుని చిక్కు విడును. నీటివంతు దాటిన మడి ఎండును. ఆతడాలసించిన దిగువ రైతు వంతునకును అడ్డము కలుగును. కూలివారి డబ్బు ఆతనియొద్ద నున్నను ఆతనిది కాదు. వారి పొయ్యి దానికొరకు ఎదురుచూచును. కావున పొలమునకు పోవు దారిలోనే దానిని చెల్లింపవలెను. మధ్యాహ్నము తల్లిని నెల్లూరు తీసికొనిపోవలెను. పొలము బేరము చేయి జారవచ్చును. ఆ నష్టము నష్టమే. ధ్యానము దానిని లాభముగా మార్చదు. కాని పరుల ఋణమును వాయిదా వేసి తెచ్చుకొను లాభము, లక్కమ్మ తిరిగి పంపిన బియ్యము వంటిది.

ధ్యానము వలన దినమున ఘడియలు పెరుగవు. ఉన్న ఘడియలలో ఎవరి భాగము ఎంతయో తెలియును. అరచేతిలోని లింగమును ఆ ఉదయము నిజముగా చూచినాడో లేదో, సాయంకాలమునకు కూలివారి ముఖమును, తల్లి ముఖమును చూచిన ఆతనికే తెలియును.