పలకయు తెరయు

పళ్లెరములో పఱచిన బియ్యముపై శిశువు చూపుడువ్రేలిని పట్టి ఓనమాలు దిద్దించు మన అక్షరాభ్యాసమున, అక్షరము కంటికి గోచరించుటకు ముందే వ్రేలికి తగులును. 2023 నుండి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో స్మార్ట్ టీవీలు నెలకొనుచున్న ఈ కాలమున, తెరపై కనబడినది బాలునకు ప్రత్యక్షజ్ఞానమగునా యని ఒకటవ తరగతి ఉపాధ్యాయుడు మొదట తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.

ఇంద్రియమునకు అర్థముతోడి సన్నికర్షమువలన కలుగు జ్ఞానమునే గౌతముని న్యాయసూత్రములు ప్రత్యక్షమనినవి. ఆ లెక్కను, తెరమీది మామిడిపండునందు కంటికి తగులునది వెలుగే గాని పండు కాదు. దాని పరిమళమును, బరువును, సొన చుఱుకును బాలుడు పెరటిచెట్టు క్రిందనే తెలిసికొనును. అట్లని తెర నిరర్థకమని నేననను: కొండప్రాంతపు పిల్లవాడు ఎన్నడును చూడని సముద్రమును, మందారపు మొగ్గ మెల్లగా విచ్చుటను ఒక్క నిమిషమున చూపగల సాధనము మఱియొకటి నే నెఱుగను.

1907లో రోమునగరమున తొలి శిశుగృహమును తెరచి, 1939లో మద్రాసు అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ నొసగిన మరియా మాంటిస్సోరి, గరుకుకాగితపు అక్షరములను పిల్లల వ్రేళ్లచే తడిమించెను. మన బియ్యపు పళ్లెరమునకు అది యెంత చేరువ! కావుననే నా తరగతిలో తెర ఆరిన పిమ్మట పిల్లలు బయటికిపోయి, తాము చూచిన ఆకును వెదకి, ముట్టి, పలకపై గీయవలెనని నా కోరిక. ఆ ఆకు ఎవ్వరికిని దొరకనినాడు పాఠమును నేను మరల మొదలిడుదును.