గుంపులో మనిషి ఎక్కడ?

నిజాంపట్నం హార్బరుకు బోట్లు చేరి వేలం పాట మొదలైందంటే, బొమ్మ వేద్దామని వచ్చినవాడికి చెయ్యి ఆడదు. ఐసు మోసే కూలీలు, బేరగాళ్లు, కొంగు నడుముకు దోపి గంపలు సర్దుకునే ఆడవాళ్లు, ఎవరూ క్షణం నిలబడరు. ముఖాలు గీస్తానని పట్టుబడితే, రెండో ముఖం పూర్తయ్యేలోపు మొదటి మనిషి ఇంకో బోటు దగ్గర ఉంటుంది.

అందుకే ఆయిల్ పెయింటింగ్ నేర్పేవాళ్లు ముందు కళ్లు చికిలించి చూడమంటారు. అప్పుడు వివరాలు పోయి వెలుగు, నీడ మాత్రమే మిగులుతాయి. గుంపునంతా ఒకే ఆకారంగా పలచగా పరిచి, అందులోంచి మనుషుల్ని పైకి తీయాలి. అడుగుపొరలో నూనె తక్కువ, పైన ఎక్కువ. అవిసె నూనె నీళ్లలా ఆవిరై ఆరదు, గాలిలో ఆక్సిజన్ పీల్చుకుని నెమ్మదిగా గట్టిపడుతుంది. ఈ వరస తప్పితే పైపొర పగులుతుంది.

మరి ఆ మరకలో కలిసిపోయిన ఆడమనిషి, ఆమె అప్పు, ఆమె నడుంనొప్పి ఎటు పోయినట్టు? అంతా ఒకటిగా కనబడితే విడివిడి మనుషులు అబద్ధమా?

1874లో పారిస్‌లో చిత్రకారుడు మొనే తన వీధి చిత్రాన్ని ప్రదర్శించినప్పుడు, లూయీ లెరోయ్ అనే విమర్శకుడు అందులోని జనాన్ని నల్లగా నాకిన గుర్తులంటూ ఎగతాళి చేశాడు. ఎగతాళి అటుంచితే, మనిషి అంతేనా అన్న బాధ మాత్రం న్యాయమైనదే.

మన వేదాంతులు ఈ చిక్కును బొమ్మ సాయంతోనే విప్పారు. 14వ శతాబ్దపు విద్యారణ్యుల ‘పంచదశి’లో ఆరో ప్రకరణం చిత్రదీపం. ఉతికిన గుడ్డ, గంజి పెట్టిన గుడ్డ, గీతలు గీసిన గుడ్డ, రంగులు నింపిన గుడ్డ: పరమాత్మకు ఆయన చెప్పిన నాలుగు దశలకు పోలికలివి. బొమ్మలోని మనుషులు కట్టుకున్న బట్టలు నిజం బట్టల్లా కనబడతాయంతే, అసలు బట్ట అడుగునున్నదొక్కటే. జిగురు పూసి, తెల్లపూత వేసి, బొగ్గుతో గీసుకునే నేటి చిత్రకారుడు రోజూ నడిచే దారీ అదే.

విడివిడి జీవులు కనబడతాయంతే అన్న ఈ మాటకు రామానుజుల మతం ఒప్పుకోదు. జీవులు, జగత్తు బ్రహ్మానికి శరీరం. అవి బ్రహ్మం నుంచి విడదీయరానివి, అయినా నిజమైనవి.

హార్బరులో కుంచె రామానుజుల పక్షమే. గంప ఎత్తబోయే మనిషిని చూడండి. వంగిన వీపుకు ఒక గీత, రవికకు ఎర్రటి చుక్క, బరువు ఆనిన కాలి వంపు. ముఖం లేదు, అయినా ఇంటివాళ్లు గుర్తుపడతారు. ఆ వంపు ఊహించి వేసేది కాదు, ఆమెను శ్రద్ధగా చూసినవాడికే అందుతుంది. గుంపును వేయడానికి ఒక్కో మనిషి మీద శ్రద్ధ తగ్గకూడదు, ఇంకా పెరగాలి.

బొమ్మను, తత్వాన్ని ఇలా కలిపి చూడటం ఇక్కడ కొత్త కాదు. తెనాలి పక్కనే దుగ్గిరాల దగ్గరి తుమ్మపూడిలో సంజీవదేవ్ (1914–1999) బొమ్మలు వేస్తూనే తత్వం రాశారు. ఈ గడ్డ మీద ఆ రెండూ వేరు కాదు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవలకు వేట నిషేధం. నేర్చుకునేవాళ్లు ముందు ఆ రోజుల్లో వెళ్లండి. వలలు బాగుచేసుకునేవాళ్లను అడిగి, పక్కన కూర్చుని, ఒక్కొక్కరినే బొగ్గుతో గీయండి. వేలం పాట జనాన్ని రంగుల్లో వేయడం ఆ తర్వాత.