సత్రములో గడిపిన రాత్రి



మన గోదావరిఖని, రామగుండం విచారణలలో ఆదివారం దివ్యపూజ ముగిశాక గుడి ముంగిట తరచుగా వినిపించే ప్రశ్న ఒకటున్నది. "ఫాదర్, అమ్మాయి ఇంటరు పూర్తి చేసింది. నర్సింగు చదువుతానంటున్నది. పంపమంటారా?" అని తండ్రి అడుగుతాడు. ఆ అడగడంలోనే జంకు ఉంటుంది. "రాత్రి డ్యూటీలుంటాయట ఫాదర్. రేపు సంబంధాలు చూసేటప్పుడు నలుగురూ ఏమంటారో" అని తల్లి మెల్లగా కలుపుతుంది.

జవాబు కోసం లూకా సువార్త 10వ అధ్యాయం తెరవండి. మంచి సమరీయుని కథ చిన్నపిల్లలకు కూడా తెలిసినదే. కాని అందులో రెండు చిన్న సంగతులను మనం చూడకుండానే దాటిపోతుంటాము.

మొదటిది. సమరీయుడు ఆ మనిషి గాయాలపై నూనె, ద్రాక్షరసము పోసి కట్టు కట్టాడు. సత్రానికి చేర్చి సేవ చేశాడు. సత్రపు యజమానికి డబ్బు ఇచ్చినది మాత్రం మరునాడు. మరి ఆ రాత్రి అతడు ఎక్కడ ఉన్నాడు? గాయపడినవానితో ఆ సత్రములోనే ఉన్నాడు. ప్రియులారా, అది రాత్రి డ్యూటీ కాదా? మనము కూడా వెళ్ళి అలాగే చేయాలని ప్రభువు ఆజ్ఞాపించినది దాని గురించే.

అయ్యా, మీరు రాత్రి షిఫ్టుకు బాయి దిగి, తెల్లవారి బొగ్గు మసి అంటిన ముఖంతో ఇల్లు చేరితే మీ శీలాన్ని ఎవరైనా శంకించారా? బిడ్డల కోసం కష్టపడుతున్నాడని గౌరవించారు. బాయిలో పైకప్పు కూలి గాయపడిన కార్మికుణ్ణి నడిరాత్రి ఆసుపత్రికి తెచ్చినప్పుడు, దుమ్ముతో ఊపిరితిత్తులు చెడిన ముసలి కార్మికుడు తెల్లవార్లూ దగ్గుతున్నప్పుడు, మేలుకొని ఉన్నది ఎవరో ఒకరి కూతురే. ఆమె చేతి మందు మనకు కావాలి. ఆమె మాత్రం మన ఇంటి కోడలుగా వద్దా? ఇది న్యాయమేనా, మనస్సాక్షిని అడిగి చూడండి.

మన బొగ్గు ప్రాంతం మారిపోయింది. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవారు. నేడు అందులో సగంమంది కూడా లేరు. తండ్రి పని కొడుక్కు వస్తుందన్న పాత ధీమా చాలా ఇళ్ళలో సడలింది. మరోవైపు 2022లో సింగరేణి నిధుల తోడ్పాటుతో రామగుండంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఆరంభమైంది. వైద్యం పెరిగిన చోట నర్సుల అవసరమూ పెరుగుతుంది.

మన తెలుగు నేలపై శ్రీసభ ఈ సంగతిని ఏనాడో గ్రహించింది. 1920లో ఆస్ట్రేలియా నుండి మేరీ గ్లౌరీ అనే డాక్టరు గుంటూరు వచ్చి, జె.ఎం.జె. కన్యస్త్రీల సభలో చేరింది. మఠకన్యగా ఉంటూనే వైద్యం చేయడానికి పోపుగారి ప్రత్యేక అనుమతి పొందింది. రోగులు వేలాదిగా వస్తుంటే ఒక్క డాక్టరు చేతులు చాలవని తెలిసి, స్థానిక స్త్రీలకే మందులు కలపడం, కాన్పులు చేయడం, రోగులను చూసుకోవడం నేర్పించింది. 1943లో కతోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించింది. మన ఆడబిడ్డల చేతులపై ఆమె అంత నమ్మకముంచితే, కన్నవారమైన మనకెందుకు ఈ సంకోచం?

ఇక రెండవ సంగతి. సమరీయుడు సత్రపు యజమానికి రెండు దీనారములు ఇచ్చాడు, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు తీరుస్తానన్నాడు. సేవ పుణ్యకార్యమే గనుక ఉచితంగా చేయమనలేదు. సుప్రీంకోర్టు ఆదేశంపై ఏర్పడిన నిపుణుల కమిటీ 2016లో చిన్న ప్రైవేటు ఆసుపత్రులలో కూడా నర్సు జీతం నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదని సిఫారసు చేసింది. ఆసుపత్రులు నడిపే యజమానులారా, మన శ్రీసభ సంస్థల నిర్వాహకులారా, సేవ పేరు చెప్పి కూలి తగ్గించవద్దు. పనివాని కూలి బిగబట్టితే ఆ మొర దేవుని చెవిని చేరుతుందని పునీత యాకోబు హెచ్చరించాడు.

తల్లిదండ్రులారా, మీకూ ఒక మాట. సీటు కట్టేముందు ఆ కళాశాలకు ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉన్నదో లేదో కనుక్కోండి. జి.ఎన్.ఎం. మూడేండ్లు, బి.ఎస్సి. నర్సింగు నాలుగేండ్లు. చదువు తర్వాత కౌన్సిల్‌లో పేరు నమోదు కావాలి. విదేశాల ఆశ చూపి అప్పులపాలు చేసే దళారులను నమ్మకండి. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉన్నది, ముందుగా అక్కడ విచారించండి. అన్నిటికంటే ముఖ్యంగా, కూతురు తవ్వుకోవడానికి దొరికిన మరో బొగ్గు బాయి కాదని మరువకండి. తమ్ముని చదువు, ఇంటి అప్పు, సొంత ఇల్లు, అన్నీ ఆమె జీతం మీదనే మోపితే, ఆమె పెండ్లిని ఏండ్ల తరబడి వాయిదా వేస్తే, అది దోపిడీయే.

చెల్లెమ్మా, నీకు ఈ చదువుపై మనసుంటే ధైర్యంగా వెళ్ళు. మనసు లేకపోతే కేవలం జీతం కోసం వెళ్ళవద్దు, రోగికి ఆ తేడా తెలిసిపోతుంది.

ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో ఒక్క త్రికాల జపం వార్డులలో మేలుకొని ఉన్న బిడ్డల కోసం చెప్పండి. రోగుల ఆరోగ్యమైన మరియమాత వారిని కాపాడునుగాక. ఆమెన్.