ఊపితే తెరుచుకునే కిటికీ

"నేను రాసిందంతా యాడికి పాయెరా?"

మానవపాడు నుంచి నాయిన ఫోన్. నేనేమో హైదరాబాద్ ఆఫీసులో కూర్చొని ఆ యాప్ పనే చేస్తున్నా. పంటకు తెగులొస్తే రైతు ఫొటో తీసి, నాలుగు మాటలు రాసి సలహా అడిగే యాప్ అది. మా టీమ్ చేసిందే. మిరప పూతలో తామర పురుగు కనబడిందని, చేను గట్టు మీద నిలబడి పావుగంట టైప్ చేశాడట. పంపు అని నొక్కాడు. సిగ్నల్ లేదు. స్క్రీన్ వెనక్కి పోయింది, రాసిందంతా పోయింది.

నా వైపు నుంచి చూస్తే ఏ తప్పూ జరగలేదు.

యాప్‌లు చేసేవాళ్లం యాప్ లోపలే మాకోసం ఒక కిటికీ పెట్టుకుంటాం. మేం వాడేది హైపెరియన్. అమెరికాలోని విల్లోట్రీ అనే సంస్థ ఓపెన్ సోర్స్‌గా ఇచ్చిన టూల్. ఫోన్‌ని ఊపితే చాలు, ప్యానెల్ తెరుచుకుంటుంది. అందులో ఒక్కో పనికి ఒక్కో ప్లగిన్. బటన్ల మధ్య దూరం కొలిచేది ఒకటి, యాప్ కూలిపోతే ఎందుకు కూలిందో చూపేది ఒకటి, డేటా అంతా చెరిపేసి యాప్‌ని మళ్లీ మొదలుపెట్టే ఫీనిక్స్ ఒకటి. మనకు కావలసింది లేకపోతే సొంతంగా రాసుకోవచ్చు. ప్లగిన్ కోసం ఒక క్లాస్, ప్యానెల్‌లో కనబడే మాడ్యూల్ కోసం ఇంకో క్లాస్. జావా సర్వీస్ లోడర్ వాటిని తనే వెతికి పట్టుకుంటుంది.

నాయిన ఫోన్‌లో యాప్ కూలలేదు. అందుకే అది ఏ ప్లగిన్‌కూ చిక్కలేదు. దేనికి మాడ్యూల్ రాసుకుంటామో అదే మాకు లోపం. రాసుకోనిది యూజర్ ఖర్మ.

నేనొక మాడ్యూల్ రాశా. నెట్‌వర్క్‌ని మధ్యలో తెంపే స్విచ్, దాని కింద పోయిన అక్షరాల లెక్క. స్విచ్‌కి 'మానవపాడు' అని పేరు పెట్టా. టీమ్‌లో అందరికీ నచ్చింది. "మానవపాడు ఆన్ చేసి చూడు" అనడం అలవాటైపోయింది. కొన్నాళ్లకు నాకే ఇబ్బందిగా అనిపించింది. కృష్ణా తుంగభద్రల మధ్య, నడిగడ్డలో ఉన్న మా ఊరు ఇక్కడ ఒక లోపానికి పేరైంది. పైగా నేను దాన్ని ఆఫ్ చేసుకోగలను. నాయినకు ఆ స్విచ్ లేదు.

యూజర్లకు పంపే బిల్డ్‌లో హైపెరియన్ స్థానంలో ఏమీ చేయని ఖాళీ వెర్షన్ పెడతాం. అది సరైన పనే. ఆ ప్యానెల్ నుంచి ఫోన్ నంబర్లూ లాగిన్ టోకెన్లూ బయటపడొచ్చు. కానీ మా టీమ్‌లో ఒకరు అడిగారు: "నీ లెక్క ఒక్కటీ రిలీజ్‌లో కూడా ఉంచుదామా? ఎంతమంది ఇలా నష్టపోతున్నారో తెలుస్తుంది కదా."

మంచి ఉద్దేశమే. నేనూ దాదాపు ఒప్పుకున్నా. ఆ రాత్రి నాయినకు ఫోన్ చేసి ఏం రాశావని అడిగా.

"పురుగు గురించే రాస్తిని..." అని ఆగాడు. "ఇంకేవో ఉన్నాయిలే. నీకెందుకు?"

పావుగంట రాశాడు. పురుగు సంగతి రెండు లైన్లలో అయిపోతుంది. మిగతాది కౌలు గురించో, అప్పు గురించో, నాకు తెలియదు. కొడుక్కి చెప్పనిది ఎవరో తెలియని సలహాదారుకి రాసుకున్నాడు. అక్షరాలు లెక్కపెట్టే నా మాడ్యూల్ వాటిని చదవడానికి ఇంకొక్క లైన్ కోడ్ చాలు.

ఒకరి కష్టం తెలియాలంటే వాళ్ల ఫోన్‌లోకి తొంగిచూడాల్సిందేనా? చూడకపోతే నిర్లక్ష్యం, చూస్తే నిఘా. చాలా రోజులు ఈ రెండింటి మధ్యే ఆగిపోయా. మూడో దారి ఉందని ఆలస్యంగా తట్టింది. నా మాడ్యూల్‌కి తెలిసింది నాకు చెప్పడం దేనికి, నాయినకే చెబితే సరిపోదా? పోయింది ఆయన మాటలే కదా.

ఇప్పుడు సిగ్నల్ పోతే స్క్రీన్ మీద ఇలా వస్తుంది: 'మీరు రాసింది ఇంకా పంపలేదు. మీ ఫోన్‌లోనే ఉంది.' కింద రెండు బటన్లు: మళ్లీ పంపు, చెరిపేయి. ప్యానెల్‌లోని స్విచ్ పేరు 'సిగ్నల్ లేదు' అని మార్చా. రిలీజ్‌లో లెక్క పెట్టలేదు. దానివల్ల ఎంతమందికి మేలు జరిగిందో చెప్పలేను. మీటింగ్‌లో చూపించడానికి నా దగ్గర గ్రాఫ్ లేదు. ఆ నష్టం నిజమైనదే, నేను ఒప్పుకుంటా.

నాయిన మళ్లీ రాశాడట. పురుగు వరకే పంపి మిగతాది చెరిపేశాడో, మొత్తం పంపాడో నాకు తెలియదు. తెలుసుకునే మాడ్యూల్ నేను రాయలేదు. ఈసారి ఊరికి పోయినప్పుడు పక్కన కూర్చొని అడగాలి.