పొయ్యి కిందికి నిప్పు

ఏలికలారా, పేదకు పిడికెడు బియ్యం ఇవ్వడం ధర్మమని మీకు వేరే చెప్పనక్కరలేదు. కాని ఆ బియ్యం ఉడకాలంటే కింద నిప్పుండాలి. నిప్పు కొనలేని ఇంటికి బియ్యమిచ్చి ఊరుకుంటే ధర్మం సగంలోనే నిలిచిపోతుంది.

ఈ సంగతి తెలుగునేల ముందుగానే గ్రహించింది. 1999లోనే ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం కింద పేద మహిళలకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చారు. 2016లో కేంద్రం ఉజ్వల తెచ్చింది. కనెక్షన్ అయితే వచ్చింది గాని, అయిపోయిన బండను మళ్లీ తెచ్చుకునే డబ్బు చాలా ఇళ్లకు రాలేదు. చుట్టాలొస్తే టీకి పనికొస్తుందని బండను మూలన దాచి, రోజూ కట్టెల పొగలో కళ్లు నులుముకుంటూ వండిన తల్లులెందరో.

2024లో తెలంగాణ 500 రూపాయలకు బండ, నెలకు 200 యూనిట్ల లోపు వాడే పేద ఇంటికి సున్నా బిల్లు ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ ఏడాదికి మూడు బండలు ఉచితమంది. మంచి పనులు, చేసినవారికి పుణ్యం. అయితే రెండుచోట్లా ఈ గ్యాస్ పథకాలు మొదలైన తీరు చూడండి: ముందు పూర్తి ధర కట్టాలి, రాయితీ తర్వాత ఖాతాలో పడుతుంది. రోజుకూలి మీద బతికే మనిషి ఆ ముందు సొమ్ము ఎక్కడ తెస్తుంది? వడ్డీకి తెస్తుంది. మీరిచ్చిన రాయితీలో కొంత వడ్డీవ్యాపారి పాలవుతుంది. కరెంటు సంగతీ అంతే. ఎండాకాలం మంచంపట్టిన ముసలాయనకు ఫ్యాను కాస్త ఎక్కువసేపు తిరిగి మీటరు 201 చూపితే, ఆ ఒక్క యూనిట్‌కు కాదు, మొత్తానికీ బిల్లు కట్టాలి. ఇది న్యాయం కాదు.

మరొకటి. సున్నా బిల్లు సొమ్మును విద్యుత్ పంపిణీ సంస్థలకు సకాలంలో చెల్లించండి. చెల్లించకపోతే అది అప్పుగా పేరుకొని, రేపటి ఛార్జీల రూపంలో జనం నెత్తినే పడుతుంది. కరెంటు ఛార్జీల మీద ప్రజల కడుపుమంట ఎంతటిదో 2000 ఆగస్టు 28న హైదరాబాద్‌లోని బషీర్‌బాగ్ చూసింది. ఆనాడు ఛార్జీల పెంపుపై నిరసనకు దిగినవారి మీద పోలీసులు జరిపిన కాల్పుల్లో పోయిన ప్రాణాలను మరవకండి.

పాఠకులారా, మీ వీధిలో ఈ-కేవైసీ కాక రాయితీ ఆగిపోయిన ముసలమ్మ ఉంటే, రేపు పొద్దున్నే ఆమెను వెంటబెట్టుకొని గ్యాస్ ఏజెన్సీకి వెళ్లండి. పని అయ్యేదాకా పక్కనే ఉండండి.