లాఠీకీ లైసెన్సుకీ మధ్య

వేశ్యావృత్తిని చట్టబద్ధం చెయ్యాలా వద్దా అన్న చర్చ ఎప్పుడొచ్చినా స్త్రీవాదులం రెండు జట్లుగా విడిపోతాం. స్త్రీ శరీరం సరుకు కాదని కొందరం, అదీ శ్రమేనని కొందరం. పిల్లల్ని కొనటం, ఆడవాళ్ళని మోసం చేసి తెచ్చి అమ్మటం నేరమన్న దగ్గర ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా "నా ఇష్టంతోనే చేస్తున్నా"నని చెప్పే స్త్రీ దగ్గర. ఆమె మాట నమ్మాలా?

ముందు చట్టాన్ని చూద్దాం. మన దేశంలో వయసొచ్చిన స్త్రీ డబ్బు తీసుకుని లైంగిక సంబంధం పెట్టుకోవటం దానికదే నేరం కాదు. 1956లో వచ్చి, 1986 సవరణతో అనైతిక వ్యాపార నిరోధక చట్టంగా పేరు మారిన చట్టం దాని చుట్టూ ఉన్నవాటిని నేరాలు చేసింది. దారిలో నిలబడి పిలవటం నేరం. గుడికో బడికో 200 మీటర్ల లోపల ఉండటం నేరం. నాలుగో సెక్షన్ ప్రకారం, పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళెవరైనా తెలిసి ఆ సంపాదన మీద బతికితే రెండేళ్ళ దాకా జైలు. ఇది దళారుల కోసం రాసిందనుకుంటాం. కానీ తల్లి కట్టే ఫీజుతో డిగ్రీ చదువుతున్న కూతురూ, మంచాన పడ్డ అమ్మమ్మా కూడా ఆ మాటల్లో ఇమిడిపోతారు. ఆమె పని నేరం కాదట, ఆమె పెట్టిన అన్నం తినటం నేరమట!

ఇక రక్షణ సంగతి. దాడిలో "పట్టుబడ్డ" (పత్రికల భాష ఇది, విటుడు మాత్రం ఎప్పుడూ పట్టుబడడు) స్త్రీని మేజిస్ట్రేటు మూడేళ్ళ దాకా రక్షణ గృహంలో ఉంచవచ్చు. ఇష్టానికి విరుద్ధంగా అక్కడున్న వయోజన స్త్రీలని గుర్తించి విడుదల చేసేందుకు ఆ గృహాలన్నిటినీ సర్వే చెయ్యమని 2022 మే 19న సుప్రీంకోర్టు రాష్ట్రాలని ఆదేశించాల్సి వచ్చిందంటే, అది ఎలాంటి రక్షణో ఊహించుకోవచ్చు.

అయితే లైసెన్సులిద్దామా? ఆ ముచ్చటా మన దేశం చూసింది. 1868 నాటి అంటువ్యాధుల చట్టం కింద వేశ్యలు పేరు నమోదు చేయించుకోవాలి, నిర్బంధ వైద్య పరీక్షకి ఒప్పుకోవాలి, రోగముంటే లాక్ హాస్పిటల్లో ఉండాలి. ఇదంతా తెల్ల సిపాయిల ఆరోగ్యం కోసం. 1888లో రద్దయ్యేదాకా నడిచింది. నిషేధమూ చూశాం. 1920లలో ముత్తులక్ష్మీ రెడ్డి మద్రాసు శాసనమండలిలో దేవదాసీ వ్యవస్థ మీద పోరాడినప్పుడు దేవదాసీ సంఘాలు ఎదురు విజ్ఞాపనలిచ్చాయి. ముత్తులక్ష్మి తల్లి కూడా దేవదాసీ కులం నుంచి వచ్చినామే. అంటే ఇరువైపులా ఆ బతుకు తెలిసిన స్త్రీలే. 1947లో చట్టం గెలిచింది. ఆటా పాటా పెద్దింటి అమ్మాయిలకి చేరాయి. ఆ కళ ఎవరిదో వాళ్ళకి అవమానం మిగిలింది.

దరిద్రంలో సమ్మతి ఎక్కడిది అంటారు. నిజమే, చాలాసార్లు లేదు. పత్తి చేలో పురుగుమందు కొట్టే కూలీకీ లేదు. కట్నమిచ్చి చేసిన పెళ్ళిలో ఎంతుందో మనకి తెలుసు. సమ్మతి పలచనిదైనంత మాత్రాన ఆ మనిషి మాట చెల్లదనటం మరెవరి విషయంలోనూ చెయ్యం. ఈమె విషయంలోనే చేస్తున్నాం.

స్వీడన్ 1999 నుంచి కొనేవాడిని శిక్షిస్తోంది. న్యూజీలాండ్ 2003లో మొత్తాన్నే నేరం కాకుండా చేసింది, తాత్కాలిక వీసా మీదున్న స్త్రీలని మాత్రం బయటే ఉంచి. ఈ రెంటిలో ఒకటి ఎంచుకోవటం కంటే నాకు తక్షణం అనిపించేది చిన్న విషయం. ఆ స్త్రీ మీదా, ఆమె తిండి తినేవాళ్ళ మీదా ఉన్న శిక్షలు ముందు పోవాలి. వృత్తి మంచిదని ఒప్పుకోకుండానే ఇది అడగొచ్చు.

కానీ చిక్కు ఇక్కడితో తీరదు. పరస్పర లాభం కోసం ఇద్దరు స్త్రీలు ఒకే ఇంటిని ఈ వృత్తికి వాడుకుంటే చట్టం దృష్టిలో అది వ్యభిచార గృహమే. ఒంటరిగా ఉంటే తాగొచ్చినవాడు కొట్టినా అడ్డుపడే మనిషి ఉండదు, తోడు పెట్టుకుంటే కేసు. ఆ క్లాజు తీసేస్తే పదిమంది ఆడవాళ్ళ మీద బతికే మేడమ్ కూడా దాని చాటునే తప్పించుకుంటుంది. గీత ఎక్కడ గియ్యాలో కాస్తో కూస్తో తెలిసింది సోనాగాచీలో 1995 నుంచి సంఘం పెట్టుకుని పనిచేస్తున్న స్త్రీలకే. అలాంటివాళ్ళని మన సభలకి అనుభవాలు చెప్పటానికి పిలుస్తాం. ముసాయిదా రాసే పూటకి పిలవం.